వియత్నాంలో సంతాప ఆచారాలు, బహాయీ ధర్మం

వియత్నాంలో తల్లి గానీ తండ్రి గానీ పోతే పిల్లలు తలకు తెల్లగుడ్డ కట్టుకుంటారు. 49వ రోజున, నూరో రోజున కర్మలుంటాయి. మూడేళ్లని చెప్పుకునే పాతకాలపు సంతాపం నిజానికి 27 నెలలు. ఆపైన ఏటా చాంద్రమాన తిథినాడు ఇంట్లోని పూర్వికుల పీఠం ముందు అగరొత్తులు వెలిగిస్తారు. పోయినవారికి ఇష్టమైనవి వండిపెట్టి, బంధువులంతా కలిసి భోంచేస్తారు. మన ఆబ్దికానికి ఇది ఎంతో దగ్గర.

ఇదే దేశంలో, 1954లో సైగాన్‌కు చేరిన బహాయీ ధర్మానికి 2008లో ప్రభుత్వ గుర్తింపు దక్కింది. ఈ ధర్మంలో ఆచారాలు వేరు. దహనం లేదు. భౌతికకాయాన్ని కడిగి, పట్టు లేదా నూలు వస్త్రం చుట్టి, చనిపోయిన ఊరికి గంట ప్రయాణంలోపే ఖననం చేస్తారు. పోయినవారికి 15 ఏళ్లు నిండి ఉంటే ప్రత్యేక ప్రార్థన ఉంటుంది. ఒకరు చదువుతుంటే మిగిలినవారు నిలబడి వింటారు. సంతాపానికి ఇన్ని రోజులన్న గడువు విధించలేదు. దుఃఖించేవారికి ఇది పెద్ద ఊరట. బతికున్నవారి ప్రార్థనలు పోయినవారి ఆత్మ పురోగతికి తోడ్పడతాయని బహాయీల విశ్వాసం.