మోటుపల్లి అభయశాసనం – మునిగిన ఓడ సరుకుపై హక్కు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244-45లో వేయించిన మోటుపల్లి శాసనాన్ని చరిత్రకారులు సాధారణంగా విదేశవాణిజ్యానికి ఆధారంగా, సుంకాల పట్టికగా చూస్తారు. దానిలోని అసలు నిర్ణయం ఓడప్రమాదానికి సంబంధించినది. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలోని సరుకు ఎవరిదన్న ప్రశ్నకు అది సమాధానం చెబుతుంది. ఈ వ్యాసం ఆ నిబంధనను సమకాలీన తీరప్రాంతాల ఆచారాలతోను, పసిఫిక్ అంచున కొరియా ద్వీపాల వద్ద దొరికిన 14వ శతాబ్దపు ఓడతోను పోల్చి పరిశీలిస్తుంది. మోటుపల్లి వద్ద సముద్రగర్భ అన్వేషణకు ఏయే విషయాలు ముందుగా తేలాలో చర్చిస్తుంది.

కీలకపదాలు: మోటుపల్లి, గణపతిదేవుడు, కొండవీడు, అవచి తిప్పయసెట్టి, సినాన్ ఓడ, జలాంతర పురావస్తుశాస్త్రం.

ఉపోద్ఘాతం:
పల్నాడు జిల్లా కేంద్రమైన నరసరావుపేటకు తూర్పున, ఇరవై కిలోమీటర్లకు కొంచెం పైబడిన దూరంలో కొండవీడు ఉంది. దుర్గాన్ని చూడవచ్చినవారికి కొండలు, బురుజులు, చెరువులు కనిపిస్తాయి. సముద్రం కనిపించదు. అయినా ఆ కొండమీదినుంచి పాలించిన రెడ్డిరాజుల వైభవంలో సముద్రానికి పెద్ద పాలే ఉంది. కొండవీటికి దక్షిణంగా, సూటిగా కొలిస్తే సుమారు 60 కిలోమీటర్ల దూరంలో నేటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని మోటుపల్లి వారి రేవు. అంతకుముందు అది కాకతీయుల రేవు. దేశుయ్యక్కొండపట్టణం అన్న పేరు కూడా దానికి ఉండేది.

ఈ రేవుకు సహజమైన నౌకాశ్రయం లేదు. కోరమండల తీరంలో చాలాచోట్ల ఉన్నట్టే ఇక్కడా తెరిచిన ఇసుకతీరమే. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసి నిలిస్తే చిన్న పడవలు సరుకును ఒడ్డుకు చేర్చాలి. ఈశాన్య రుతుపవనాల కాలంలో తుపాను వస్తే లంగరు తెగిన ఓడకు తలదాచుకునే చోటు ఉండదు. మోటుపల్లి చరిత్రను చదివేటప్పుడు ఈ భౌగోళికస్థితిని గుర్తుంచుకోకపోతే అక్కడి శాసనం కేవలం రాజుగారి దయగా మాత్రమే కనిపిస్తుంది.

శాసనంలోని నిబంధన:
మోటుపల్లి వీరభద్రేశ్వరాలయంలోని స్తంభంపై ఉన్న ఈ శాసనాన్ని హుల్ట్జ్ ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 12వ సంపుటంలో పరిష్కరించి ప్రకటించాడు. కాలం శాలివాహనశకం 1166. కాకతీయ వంశవర్ణన తరువాత అసలు విషయం మొదలవుతుంది. ఒక దేశంనుంచి మరొక దేశానికి బయలుదేరి, గాలివానకు చిక్కి, పగిలి ఒడ్డుకు చేరిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవాటిని పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని శాసనం చెబుతుంది. ప్రాణంకన్నా ధనమే గొప్పదనుకుని సముద్రయానపు ముప్పుకు సిద్ధపడిన వర్తకులకు, నిర్ణీతసుంకం తప్ప మిగిలినదంతా విడిచిపెడుతున్నామని ప్రకటిస్తుంది. దయ, కీర్తి, ధర్మం అనేవి అందుకు చెప్పిన కారణాలు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పైకి ఒకటి. ఆపైన శ్రీగంధం, కర్పూరం, చీనీకర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, తుత్తునాగం, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, పోకలు మొదలైన సరుకులపై ధరవరలు వస్తాయి.

పాఠ్యగ్రంథాలలో ఎక్కువగా ఉదాహరించేది ఈ చివరి పట్టికనే. అయితే శాసనానికి ‘అభయ’మన్న పేరు వచ్చింది పట్టికవల్ల కాదు, దానికి ముందున్న మాటవల్ల. వర్తకుడి భయం సుంకం గురించి కాదు. సుంకం ఎంతో తెలిస్తే అతడు దానిని ధరలో కలుపుకుంటాడు. తుపానులో ప్రాణాలతో బయటపడి, కళ్లెదుట ఒడ్డుకు చేరిన తన సరుకును రాజభటులు మోసుకుపోవడం ఏ లెక్కలోకీ రాని నష్టం. శాసనం తొలగించదలచినది ఆ అనిశ్చితిని.

పూర్వపు రాజులు నిజంగా అలా చేసేవారా, లేక కొత్త పాలకుడి ఔదార్యాన్ని పెంచి చూపడానికి రాసిన మాటా అన్న సందేహం న్యాయమైనదే. ప్రశస్తులలో వెనుకటివారిని తక్కువ చేయడం కొత్తేమీ కాదు. ఇక్కడ బయటి సాక్ష్యం తోడ్పడుతుంది.

ఇతర తీరాల ఆచారం:
13వ శతాబ్దం చివర భారతదేశపు తీరాలను వర్ణించిన మార్కోపోలో, పడమటి తీరంలోని ఏలి రాజ్యం గురించి ఒక సంగతి చెబుతాడు. వేరే రేవుకు పోవలసిన ఓడ దారితప్పి అక్కడికి వస్తే దానిని దోచుకునేవారట. దేవుడే దానిని తమ దగ్గరకు పంపాడన్నది వారి వాదం. ఈ ఆచారం ఆ ప్రాంతమంతటా ఉందని కూడా అతడు రాశాడు. ముత్ఫిలి అన్న పేరుతో మోటుపల్లిని వర్ణించినదీ ఈ యాత్రికుడే. అక్కడి వజ్రాలను, సన్నని బట్టలను, న్యాయంగా పాలించిన రాణిని అతడు మెచ్చుకున్నాడు. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా మలబారు గురించి ఇదే మాట మరొక విధంగా చెప్పాడు. పగిలిన ఓడనుంచి బయటపడిన సరుకు రాజకోశానికి చెందడం అక్కడి ఆచారం. ఒక్క కోళికోడులో మాత్రం అది యజమానులకే దక్కేది. ఆ పట్టణం వృద్ధిలోకి రావడానికి కారణం అదేనని అతడి అభిప్రాయం.

ఈ చివరి మాట మోటుపల్లికి నేరుగా వర్తిస్తుంది. ఒక ఓడను దోచుకుంటే వచ్చే లాభం ఒక్కసారిది. ఆ వార్త రేవురేవుకూ పాకితే పోయే సుంకం ఏటేటా పోతుంది. గణపతిదేవుడు వెలనాటిని స్వాధీనం చేసుకుని తీరానికి చేరిన పాలకుడు. అతడికి గుర్రాలు, ఏనుగులు సముద్రంమీదినుంచి రావాలి. ధర్మం, కీర్తి శాసనంలో చెప్పిన కారణాలు కాగా, చెప్పని కారణం పోటీ అనుకోవడానికి తగిన ఆధారం ఉంది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డురావు.

అదే శతాబ్దంలో ఇంగ్లండు కూడా ఈ సమస్యను ఎదుర్కొంది. 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనం ప్రకారం ఓడనుంచి ఒక మనిషిగాని, కుక్కగాని, పిల్లిగాని ప్రాణాలతో బయటపడితే దానిని దిక్కులేని సరుకుగా పరిగణించరాదు. యజమాని ఏడాది మీద ఒకరోజులోగా వచ్చి అడిగితే ఇవ్వాలి. మోటుపల్లి శాసనం దానికంటే ముప్పై ఏళ్లు ముందుది, దానికంటే ఉదారమైనది. కాని ఆంగ్ల శాసనంలో ఉన్న ఒక అంశం ఇందులో లేదు. సరుకు నాదేనని వచ్చినవాడు దానిని ఎలా రుజువు చేసుకోవాలి? ఎంతకాలంలోగా? స్తంభం దీనికి సమాధానమివ్వదు.

కొండవీటి కాలం:
క్రీ.శ. 1358లో అనవోతారెడ్డి మోటుపల్లిలో మరొక శాసనం వేయించాడు. ఇతర ద్వీపాలనుంచి, పట్టణాలనుంచి వచ్చి స్థిరపడే వర్తకులకు భూములిస్తామని, వెళ్లిపోదలచినప్పుడు అడ్డగించబోమని, అపుత్రిక పన్నును రద్దుచేశామని అది హామీ ఇస్తుంది. సంతానంలేని వర్తకుడు పరాయిచోట మరణిస్తే అతడి ఆస్తిని రాజు తీసుకోవడమే అపుత్రిక. పగిలిన ఓడ విషయంలోను, దిక్కులేని శవం విషయంలోను ప్రశ్న ఒక్కటే: అడిగేవాడు ఎదురుగా లేని సొత్తు ఎవరిది? కాకతీయుడు దీనిని సముద్రంమీద పరిష్కరించబూనితే రెడ్డిరాజు నేలమీద పరిష్కరించబూనాడు. 114 ఏళ్ల వ్యవధి ఉన్న ఈ రెండు శాసనాలను కలిపి చదవడం అవసరం.

కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చాడు. అతడి సరుకులు వచ్చిన చోట్లలో సింహళం, హురుముంజి, గోవ, తరుణాసీరి, తవాయి, చీనా కనిపిస్తాయి. కప్పలి, జోంగు, వల్లి అన్న ఓడల పేర్లూ కావ్యావతారికలో ఉన్నాయి. జోంగు తూర్పుసముద్రాల ఓడ. పల్నాటి గట్టుమీది రాజసభలో ఈ పేరు వినపడడం విశేషమే. అయితే కవి యజమానిని పొగుడుతున్నాడు. ఏ ఓడలో ఎంత సరుకు, ఎందరి సరుకు ఉందో చెప్పడం కావ్యం పని కాదు.

సినాన్ ఓడ ఇచ్చే సాక్ష్యం:
ఆ వివరాలను నేటికీ నిలుపుకున్నవి మునిగిన ఓడలు. పసిఫిక్ మహాసముద్రపు పడమటి అంచున, కొరియా నైరుతి మూలలో సినాన్ ద్వీపసమూహం ఉంది. 1975లో అక్కడ ఒక జాలరి వలలో పింగాణీ పాత్రలు పడ్డాయి. విషయం అధికారులకు చేరేలోపే కొందరు దొంగచాటుగా పాత్రలు తీసి అమ్మడం మొదలుపెట్టారు. 1976నుంచి 1984వరకు నౌకాదళ డైవర్ల సాయంతో తవ్వకాలు జరిగాయి. లోతు సుమారు 20 మీటర్లే అయినా బురదనీటిలో చూపు దాదాపు ఆనదు. ప్రవాహం ఉద్ధృతంగా ఉండడంవల్ల పోటుకూ పాటుకూ మధ్య నీరు నిలకడగా ఉండే కొద్దిసమయంలోనే మునగాల్సివచ్చింది.

చైనాలోని నింగ్బోనుంచి జపానుకు పోతూ మునిగిన ఆ ఓడలో ఇరవై వేలకు పైగా పింగాణీ వస్తువులు, 28 టన్నుల నాణేలు దొరికాయి. వాటితోపాటు వెయ్యికి పైగా ఎర్రచందనపు దుంగలు ఉన్నాయి. ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పుకనుమల దక్షిణభాగంలో, ముఖ్యంగా కడప, చిత్తూరు, నెల్లూరు కొండలలో. ఆ దుంగలు ఏ తెలుగు రేవులో ఓడ ఎక్కాయో వాటిమీద రాసిలేదు. మోటుపల్లి అని చెప్పడం తొందరపాటు అవుతుంది. కాని తెలుగుసీమ సరుకు పసిఫిక్ అంచుదాకా పోయిందనడానికి కావ్యవర్ణన అక్కరలేని సాక్ష్యం ఇది.

దొరికిన వాటిలో చరిత్రకారుడికి అన్నింటికన్నా విలువైనవి మూడు వందలకు మించిన చెక్కబిళ్లలు. ఒక్కొక్క సరుకుమూటకు కట్టిన ఆ బిళ్లలమీద సొంతదారుల పేర్లు, తేదీలు ఉన్నాయి. వాటిలో క్యోటోలోని తోఫుకుజి బౌద్ధాలయం పేరు మళ్లీమళ్లీ వస్తుంది. ఓడ బయలుదేరిన సంవత్సరం 1323 అని తెలిసింది కూడా వాటివల్లనే. ఓరుగల్లు పతనమైనదీ అదే ఏడు. మోటుపల్లి స్తంభం వదిలిపెట్టిన ప్రశ్నకు ఇక్కడ ఒక సమాధానం దొరుకుతుంది. ఒకే ఓడలో పలువురి సరుకు ఉన్నప్పుడు, మూటకు గుర్తు ఉంటేనే విడిచిపెట్టడం సాధ్యం. మోటుపల్లిలో అభయం అమలైందంటే అటువంటి గుర్తు ఏదో ఒకటి, ముద్రో చీటీయో, ఆ తీరంలోనూ వాడుకలో ఉండి ఉండాలి. ఇది ఊహే. నీటి అడుగున వెతికితే తప్ప తేలనిది.

మోటుపల్లి వద్ద అన్వేషణ – కొన్ని అంశాలు:
అటువంటి అన్వేషణకు పథకం వేయాలంటే సినాన్ అనుభవాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తేవడం కుదరదు. కృష్ణ మోసుకువచ్చే ఒండ్రు ఈ తీరాన్ని ఎన్నోసార్లు మార్చింది. 13వ శతాబ్దపు తీరరేఖ ఎక్కడుండేదో గుర్తించకుండా సముద్రంలోకి దిగితే వెతికేచోటే తప్పుకావచ్చు. ఆనాడు ఒడ్డున పగిలిన ఓడ ఈనాడు ఇసుకదిబ్బకింద ఉండే అవకాశమూ ఉంది. అక్టోబరునుంచి డిసెంబరువరకు తుపాన్ల కాలం. ఆ తరువాతి నెలలలోనే పని సాగాలి. ఇనుమును పసిగట్టే అయస్కాంత పరికరాలు మేకులు కొట్టిన జోంగు విషయంలో ఉపయోగపడవచ్చు. కొబ్బరితాళ్లతో కుట్టిన హిందూమహాసముద్రపు ఓడలను అవి కనిపెట్టలేవు. వాటికి సోనార్ చిత్రాలు, రాతిలంగర్లు ఆధారం.

చట్టపరమైన అంశం తేలికది కాదు. 1944 ఫిబ్రవరిలో జపాను నౌకలు మునిగిన పసిఫిక్‌లోని చూక్ మడుగులో నేడు డైవింగుకు వెళ్లేవారు స్థానిక ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఏ వస్తువునూ పైకి తేకూడదు. భారతదేశంలో 1958 నాటి వాణిజ్యనౌకల చట్టం మునిగిన ఓడల సొత్తును స్వీకరించే అధికారిని ఏర్పరచి, సొంతదారు అడగడానికి ఒక ఏడాది గడువు పెట్టింది. వందేళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. సినాన్‌లో జరిగినట్టు దొంగలు ముందుగా చేరకుండా ఉండాలంటే చోటు గుర్తించిన రోజే రక్షణ ఏర్పాటు జరగాలి.

వీటన్నిటికన్నా ముందు తీరగ్రామాల మత్స్యకారులను అడగవలసి ఉంది. వలలు ఎక్కడ చిక్కుకుని తెగుతాయో, రంధ్రాలున్న పెద్దరాళ్లు, పింగాణీ పెంకులు ఎప్పుడైనా పైకి వచ్చాయో వారికి తెలుస్తుంది. నెల్లూరు జిల్లా కొత్తపట్నంలో చైనా పింగాణీ పెంకులు ఇప్పటికే దొరికాయి. చినగంజాంనుంచి చీరాలవరకు ఉన్న పల్లెలలో ఈ సమాచారాన్ని సేకరించడానికి పెద్ద నిధులు గాని, ఓడలు గాని అవసరం లేదు.