వాల్తేరు పరిశోధన, బెంగళూరు పత్రిక

1934లో సి.వి. రామన్ బెంగళూరులో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ స్థాపించి ‘ప్రొసీడింగ్స్’ పత్రికను మొదలుపెట్టారు. ఆ రోజుల్లోనే వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరిన రసాయన శాస్త్రవేత్త టి.ఆర్. శేషాద్రి, మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర చదివినవారై ఉండి కూడా, పత్తిపూల రంగులపై తమ బృందం రాసిన వ్యాసాలు అనేకం ఆ కొత్త పత్రికలోనే వెలువరించారు. పూరేకుల్లోని పసుపు రంగును ఆల్కహాల్‌లోకి దింపి, గాసిపెటిన్, క్వెర్సెటిన్ లాంటి పదార్థాలను విడదీసి తేల్చిన ఓపికైన పని అది. లండన్ పత్రికలో వస్తేనే పదిమంది కంటా పడుతుందన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. కానీ మంచి వ్యాసాలన్నీ సముద్రం దాటిపోతే ఇక్కడి పత్రిక ఎన్నటికి నిలదొక్కుకుంటుంది? పైగా 1907లో అమెరికాలో మొదలైన ‘కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్’ దేశదేశాల పత్రికల్లోని వ్యాసాల సారాంశాలు అప్పటికే అందిస్తూ ఉండేది. ఇక్కడి పత్రికలో రాసినా గుర్తింపు రాకపోలేదు: 1960లో లండన్ రాయల్ సొసైటీ శేషాద్రిని ఫెలోగా ఎన్నుకుంది.