స్వతంత్ర పార్టీ: రైతు నేత వెంట రాజులు

అమెరికాలో రిపబ్లికన్ల వంటి ఆర్థిక మితవాద పక్షం మన దేశంలో ఏదన్న చర్చ ఢిల్లీలో తలెత్తినప్పుడల్లా స్వతంత్ర పార్టీ పేరు వినిపిస్తుంది. దాని తొలి అధ్యక్షుడు గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి. రంగా అన్న సంగతి మాత్రం అరుదుగానే గుర్తుకొస్తుంది.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానించింది. గట్లు చెరిపేస్తే సొంత భూమి గల రైతుకు మనుగడ లేదని భావించిన రంగా కాంగ్రెస్‌ను వీడారు. పర్మిట్-లైసెన్స్ రాజ్యంపై ధ్వజమెత్తిన రాజాజీతో, మినూ మసానీతో కలిసి అదే ఏడాది కొత్త పార్టీని నిలబెట్టారు.

విచిత్రమేమంటే, జమీందారీలకు వ్యతిరేకంగా రైతులను కూడగట్టిన రంగా, జైపూర్ మహారాణి గాయత్రీదేవి, రామ్‌గఢ్ రాజా వంటి వారున్న పార్టీకి సారథి అయ్యారు. పొలం నిలుపుకోవాలని రైతు, పలుకుబడి నిలుపుకోవాలని సంస్థానాధీశుడు, లైసెన్సుల బెడద తప్పాలని వ్యాపారి ఒకే గూటికి చేరారు. ఈ కలయికే ఓట్లు తెచ్చింది. ధనికుల పార్టీ అన్న ముద్రనూ తెచ్చింది. ఆ ముద్ర పూర్తిగా అన్యాయమనలేం.

లోక్‌సభలో 1962లో 18, 1967లో 44 స్థానాలు. అతిపెద్ద ప్రతిపక్షమైనా, సభలో పదో వంతు బలం లేక అధికారిక ప్రతిపక్ష హోదా దక్కలేదు. 1971లో ఇందిరాగాంధీ ‘గరీబీ హటావో’ ప్రభంజనంలో మిగిలినవి 8. రంగా తిరిగి కాంగ్రెస్‌లో చేరి, 1980లో గుంటూరు నుంచి గెలిచారు. పార్టీ 1974లో చరణ్ సింగ్ నేతృత్వంలోని భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. నాగపూర్ సభలో సహకార సేద్యాన్ని ఎదిరించినవారిలో చరణ్ సింగ్ కూడా ఉన్నారు.