విషవాయువు లీకైనప్పుడు పంట, పాలు, పశుగ్రాసం: రైతులు తీసుకోవలసిన జాగ్రత్తలు

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. పశువులూ చనిపోయాయి. చెట్ల ఆకులు రంగు మారాయి. కొద్ది రోజులకే గాలిలో స్టైరిన్ తగ్గిందని అధికారులు ప్రకటించినా, ఊళ్లకు తిరిగి రావడానికి జనం జంకారు. ధైర్యం చెప్పడానికి కొందరు మంత్రులు ఒక రాత్రి ఆ గ్రామాల్లోనే నిద్ర చేశారు. మరోవైపు నీరి నిపుణులు అక్కడి కూరగాయలు, పశుగ్రాసం వాడవద్దని సూచించారు.

భయానికి కారణం ఉంది

కర్మాగారంలో 36 చోట్ల సైరన్ మోగించే ఏర్పాటున్నా ఆ రాత్రి మోగించలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. ఒకసారి హెచ్చరిక అందనివారు తర్వాత చెప్పే మాటను వెంటనే నమ్మరు. ఇది మూఢనమ్మకం కాదు, అనుభవం. కర్మాగారాన్ని తరలించాలన్న గ్రామస్తుల కోరికనే కమిటీ కూడా సిఫారసు చేసింది.

పరీక్ష ఏం చెబుతుంది?

నమూనాలో రసాయనం ఎంత ఉందో పరీక్ష చెబుతుంది. ఆ నమూనా మీ పొలానిదేనా, మీ పాలు ఎవరు కొంటారు, నష్టం ఎవరు భరిస్తారు అన్నవి రైతు ప్రశ్నలు. రెండింటికీ జవాబు దొరికినప్పుడే నిర్ణయం నిలుస్తుంది.

స్టైరిన్ వాసన చాలా తక్కువ మోతాదులోనే తెలుస్తుంది. కాబట్టి వాసన ఉన్నంత మాత్రాన ప్రాణాపాయమని కాదు. అలాగని వాసన లేదని నిశ్చింతగా ఉండరాదు. కొంతసేపటికి ముక్కు దానికి అలవాటు పడుతుంది.

రైతులు చేయవలసినవి

• స్టైరిన్ ఆవిరి గాలికన్నా బరువు, పల్లంలో నిలుస్తుంది. గాలి వీచే దిశకు అడ్డంగా నడిచి మెరకకు చేరాలి. ముందు మనుషులు, వీలైతేనే పశువులు.
• అధికారులు అనుమతించే వరకు ఆకుకూరలు కోయరాదు. పచ్చిమేత వేయరాదు, పాలు అమ్మరాదు.
• ఆరుబయటి తొట్లలో నీరు పారబోసి కడిగి, కొత్త నీరు పెట్టాలి.
• చనిపోయిన పశువును పశువైద్యుడు చూడకముందే పూడ్చరాదు. ఫొటోలు, నివేదిక ఉంటేనే పరిహారం అడగడం సులువు.
• నమూనాలు తీసేటప్పుడు రైతులూ దగ్గరుండాలి. తేదీ, సర్వే నంబరు రాయించాలి. ఫలితాన్ని తెలుగులో రైతు సేవా కేంద్రం వద్ద అంటించమని కోరాలి.

భయం ఉంటే దాచుకోకండి. గ్రామసభలో ప్రశ్నగా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.