జావర్ పాత గనులు: జింక్ ఆవిరిని పట్టిన కొలిమి

"జావర్ - సీసం, జింక్ - రాజస్థాన్". ప్రిలిమ్స్‌కి ఖనిజాల పట్టిక బట్టీ పట్టేటప్పుడు మనందరం దాటిపోయే వరుస ఇది. కానీ జీఎస్-1 చరిత్రకీ జీఎస్-3 సైన్స్‌కీ కలిపి ఒక్క ఉదాహరణ కావాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

ఉదయ్‌పూర్‌కి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, ఆరావళి కొండల్లో ఉంది జావర్. మోచియా, బలారియా, జావర్‌మాలా, బరోయి అనే గుట్టల్లోని డోలమైట్ రాళ్లలో స్ఫాలరైట్ (జింక్ సల్ఫైడ్), గెలీనా (సీసం సల్ఫైడ్) కలిసి దొరుకుతాయి. ఒకనాటి సముద్రపు అడుగున పేరుకున్న మట్టి, సున్నపు పొరలు తర్వాత ముడతలు పడి గుట్టలయ్యాయి. ఆ రాళ్ల వయసు 170 కోట్ల ఏళ్లకు తక్కువ కాదు.

పాత గని సొరంగాల్లో దొరికిన కొయ్యలకు కార్బన్ పరీక్షలు చేస్తే, తవ్వకం క్రీస్తుపూర్వమే మొదలైందని తేలింది. రాతికి ఆనించి మంట పెట్టి, అది పగుళ్లు వారాక కొట్టేవారు. మొదట్లో వాళ్ల గురి సీసంతో వచ్చే వెండి మీదే ఉండి ఉండాలి. ఎందుకంటే జింక్‌తో అసలు చిక్కు వేరు.

ఇనుము, రాగి కొలిమి అడుగుకు కరిగి దిగుతాయి. జింక్ అలా దిగదు. ఆక్సైడ్ నుంచి బొగ్గుతో దాన్ని విడదీయాలంటే 1000 డిగ్రీలు దాటాలి, అది మరిగేదేమో 907 దగ్గరే. అంటే పుట్టడమే ఆవిరిగా పుడుతుంది. గాలి తగిలితే మళ్లీ తెల్లటి బూడిదైపోతుంది. జావర్ వాళ్లు ఏం చేశారంటే, వంకాయ ఆకారపు మట్టి మూసలో వేయించిన ఖనిజం, బొగ్గునిచ్చే పదార్థం నింపి, మూతిలో ఒక పుల్ల గుచ్చి, తలకిందులుగా పెట్టారు. పుల్ల ఉండటం వల్ల ముద్ద జారదు. అది కాలిపోయాక మిగిలిన సందులోంచి ఆవిరి కిందికి దిగుతుంది. పై గదిలో మంట, కింది గదిలో చల్లదనం, మధ్యలో చిల్లుల మట్టి పలక. ఒక్కో కొలిమిలో 36 మూసలు. ఆ పుల్ల ఆలోచన ఎవరిదో గానీ, మా డిజైన్ ల్యాబ్‌లో ఎవరికీ తట్టేది కాదు!

1980లలో హిందుస్థాన్ జింక్, బ్రిటిష్ మ్యూజియం, బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయం కలిసి తవ్వకాలు జరిపినప్పుడు ఈ కొలిములు వరుసలుగా బయటపడ్డాయి. మధ్యయుగంలో ఇదొక పెద్ద పరిశ్రమ. మేవాడ్ రాణా లాఖా కాలపు జావర్ గనుల గురించి కర్నల్ టాడ్ రాశాడు. సంస్కృత రసశాస్త్ర గ్రంథం 'రసరత్నసముచ్చయం'లోనూ జింక్ తీసే పద్ధతి ఉంది. మన నిఘంటువుల్లో జింక్‌కు తుత్తునాగం అనే మాట ఉంది. పోర్చుగీసు వర్తకుల నోటా దాదాపు ఇదే మాట నడిచింది.

బ్రిస్టల్‌లో విలియం ఛాంపియన్ 1738లో పేటెంట్ తీసుకున్న పద్ధతిలోనూ ఆవిరి కిందికే దిగుతుంది. "ఇక్కడి నుంచే దొంగిలించారు" అని మెయిన్స్‌లో రాసేయాలనిపిస్తుంది. రాయొద్దు, ఆధారం లేదు. పోలిక ఉందని రాస్తే చాలు. మార్కులు పోవు.

నాకు దానికంటే పెద్ద ప్రశ్న, ఇంత తెలిసిన ఊరు ఎందుకు ఆగిపోయిందన్నది. మరాఠా దాడులతో మేవాడ్ కుదేలైంది, 1812 ప్రాంతపు కరువు మిగిలిన కొలిములను ఆర్పేసింది. ఆ పని చేతుల్లోనే ఉంది, కొలిమి కట్టినవాళ్లు రాసిపెట్టిన కాగితం ఏదీ మనకు దొరకలేదు. చేతులు వలసపోతే పని కూడా పోయినట్టే.

1940లలో గనులు మళ్లీ తెరుచుకున్నాయి. 1966లో ఏర్పడ్డ హిందుస్థాన్ జింక్ వాటిని నడిపింది, 2002లో ప్రభుత్వం ఆ సంస్థ యాజమాన్యాన్ని ప్రైవేటుకు అప్పగించింది. ఆధునిక గనులు ఇప్పటికీ నడుస్తున్నాయి. పాత సొరంగాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఆనాడు వాడి పారేసిన మట్టి మూసలు గుట్టలుగా పడున్నాయి, వాటినే పేర్చి కట్టిన గోడలు కూడా జావర్‌లో ఉన్నాయి.