న్యస్తాక్షరి - దత్తపది

అవధానసభలో ప్రశ్నలొసగు పృచ్ఛకుడు కోరిన వర్ణమును కోరిన స్థానమునందే నిలిపి పద్యము చెప్పుట న్యస్తాక్షరి యనియు, అతడొసగిన పదములను నియత విషయమునకు అనుగుణముగా పద్యమున ఇముడ్చుట దత్తపది యనియు వ్యవహరింపబడును. సమస్య, వర్ణన, నిషిద్ధాక్షరి, ఆశువు మున్నగువానితోపాటు ఈ రెండును అవధానమునందలి ముఖ్యాంగములు. నిషిద్ధాక్షరియందు పృచ్ఛకుడు అక్షరమును వలదనును, న్యస్తాక్షరియందు కావలయుననును.

లక్షణము: ఉత్పలమాల పాదమున 20 అక్షరములుండును. వానిలో రెండవది ప్రాసస్థానము, పదియవది యతిస్థానము. కావున మొదటి పాదమున రెండవ యక్షరముగా ఝకారమును కోరినచో, ఆ యొక్క హల్లు తక్కిన మూడు పాదములను గూడ శాసించును. పదియవ యక్షరముగా కోరినచో, పాదాద్యక్షరము దానితో మైత్రి పాటింపవలసివచ్చును. నాల్గవ స్థానము గురువు గనుక అచ్చట హ్రస్వమగు ‘క’ పడెనేని, అవధాని దానివెంట సంయుక్తాక్షరమును నిలిపి ‘కన్యకా’ యని రగణమును పూర్తిచేయవచ్చును. ఐదవది లఘుస్థానము, అందు ‘రా’ యని దీర్ఘమును కోరుట పృచ్ఛకునికే ఛందోజ్ఞానము కొఱవడినదనుటకు నిదర్శనము. అవధాని ఒక్కొక్క యావృత్తియందు ఒక్కొక్క పాదమే చెప్పి తక్కిన పృచ్ఛకులవైపు మరలి, నాలుగావృత్తులు ముగిసిన పిదప పద్యమును సమగ్రముగా ధారణచేయును.

దత్తపదియందు పృచ్ఛకులు తఱచుగా విషయమునకు పొసగని పదములనే యెన్నుకొందురు. భారతకథను చెప్పుమని కారు, టీ, లారీ యనుపదములనొసగినచో, అవధాని మొదటిదానిని ‘కారుణ్యము’నను, రెండవదానిని ‘పాటీరము’నను దాచి, మూడవదానిని ‘కన్నులు’, ‘ఆ రీతి’ యను పదముల సంధిచే ‘కన్నులారీతి’ యని సాధింపవచ్చును. ఇచ్చిన పదము పద్యములో ఎచ్చట నున్నదో వెదకికొనవలసినంతగా అన్వయము కుదిరినప్పుడే సభ మెచ్చుకొనును. అర్థముతో సంబంధములేక నిలిచిన పదము పూరణమేగాని కవిత్వము కాదు.

చరిత్ర: 16వ శతాబ్దివాడగు వసుచరిత్రకర్త రామరాజభూషణుడు, నూరుగురు లేఖకులకు ఒక్కమారే పద్యములు చెప్పు శతలేఖినీ పద్యరచనయందు ప్రసిద్ధుడు. 19వ శతాబ్దిలో మాడభూషి వేంకటాచార్యులు అష్టావధానమునకు ప్రచారము కల్పించిరి. పిమ్మట దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870-1950) యను జంటకవులు, అనగా తిరుపతి వేంకటకవులు, సంస్థానములందును పట్టణములందును అవధానములు సలిపి, పండితగోష్ఠికి పరిమితమైన ఈ విద్యను జనసామాన్యమునకు సన్నిహితము గావించిరి. వారి అవధానపద్యములు ‘శతావధానసారము’గా వెలువడినవి.

బందరు సంప్రదాయము: వేంకటశాస్త్రి 20వ శతాబ్ది తొలి దశాబ్దములందు బందరు అనబడు మచిలీపట్టణపు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా నుండుటచే, బందరు ఈ విద్యకు గురుకులమైనది. నందమూరున జన్మించిన విశ్వనాథ సత్యనారాయణయు, పింగళి లక్ష్మీకాంతమును, ఉయ్యూరు చేరువనున్న కాటూరువాడగు కాటూరి వేంకటేశ్వరరావును ఆయన శిష్యులే. శతావధానియై, గాంధీజీ ఆత్మకథను తెలిగించిన వేలూరి శివరామశాస్త్రియు తిరుపతి వేంకటకవుల శిష్యకోటిలోనివారే. పింగళి కాటూరి కవులు గురువులవలెనే జంటగా అవధానములు చేసి, తరువాత ‘సౌందరనందము’ను రచించి వేంకటశాస్త్రికి అంకితమిచ్చిరి. గురువును 1949లో మదరాసు ప్రభుత్వము ఆస్థానకవిగా గౌరవించెను.

పరులు విధించిన వర్ణములతో అల్లిన పద్యము గారడియేగాని కావ్యము కాదను ఆక్షేపణ చిరకాలమునుండి కలదు. సభలో పుట్టిన పద్యములందు పెక్కులకు ఆ మాట చెల్లునని యొప్పుకొనవలసినదే. అయినను యతిప్రాసల నిర్బంధమున్నను అన్వయము చెడకుండ పదమును కుదుర్చుకొను నేర్పు బందరు శిష్యులకు ఈ యభ్యాసమున పట్టువడి, కావ్యరచనకు అక్కఱకు వచ్చినది. అవధానము స్వయముగా సాహిత్యమగునో కాదోగాని, సాహిత్యకారునకు అది కఠినమైన పాఠశాల యగుటయందు సందేహము లేదు.