చెస్ట్‌నట్ దుంగల ఇల్లు

న్యూజెర్సీలోని మా పార్సిప్పనీలో రూట్ 10 పక్కన చెస్ట్‌నట్ దుంగలతో కట్టిన ఇల్లొకటి ఉంది. మా అబ్బాయి కాలేజీ కోఆప్ (చదువులో భాగంగా చేసే ఉద్యోగం) కోసం కంపెనీలో చేరే ముందురోజు వాణ్ణి అక్కడికే తీసుకెళ్లాను.

ఆ ఇల్లు గుస్తావ్ స్టిక్లీ అనే ఫర్నిచర్ తయారీదారుది. 1908లో ఇక్కడ భూములు కొనడం మొదలుపెట్టాడు. సేద్యం, చేతిపని చేస్తూనే పిల్లలు చదువుకునే బడి పెట్టాలని ఆయన కోరిక. దుంగల ఇంటిని అందరూ కూడి కూర్చునే చావడిగా తలచాడు. బడి తెరుచుకోలేదు, చివరికి ఆయన కుటుంబమే అందులో కాపురం పెట్టింది. 1915లో దివాలా తీశాడు.

అదే కాలంలో, 1906లో, సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ 27 మంది ఇంజనీరింగ్ విద్యార్థులతో కోఆప్ మొదలుపెట్టాడు: ఒక వారం తరగతి, మరో వారం ఫ్యాక్టరీ. అది నిలిచింది. ఎందుకంటే ష్నైడర్ బడి కట్టలేదు, ఉన్న కార్ఖానాలనే బడిగా వాడుకున్నాడు.

అయినా నా మనసు స్టిక్లీ వైపే. మా తాత తెనాలి దగ్గర వడ్రంగి. కొలబద్ద చేతికిచ్చి నాకు భిన్నాలు నేర్పింది ఆయనే. ఆ దుంగల అతుకులను మావాడు చేత్తో తడిమి చూశాడు.

1989 నుంచి ఆ ఇల్లు టౌన్‌షిప్‌ది, ఇప్పుడు మ్యూజియం. మీ పిల్లల్ని కూడా ఒకసారి తీసుకెళ్లండి.